తలుపు దగ్గర ఆగిన కథ

మా చదువరమ్మను నేను తిట్టని తిట్టు లేదు. మనిషి బంగారమే, కాదనను. కానీ కథను ఎక్కడ ఆపితే ఎదుటివాళ్ళ ప్రాణం గిలగిల్లాడుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సరిగ్గా పని ముగిసే గంట కొట్టే ముందు, కథలో చీకటి గదిలో ఎవరిదో చేయి గడియ మీద పడుతుంది. ఈవిడ పుస్తకం టప్పున మూసి కళ్ళజోడు తీసేస్తుంది. "నీ నోరు పడిపోను, ఆ ఒక్క వాక్యం చదివి చావవే" అని నేను అరిస్తే నవ్వి, "రేపు రా గుండీలక్కా" అంటుంది. గుండీలక్కంటే నేనే. గుండీలు కుట్టీ కుట్టీ అసలు పేరు ఇంట్లో కూడా మరిచిపోయారు.

మాది చొక్కాలు కుట్టే కార్ఖానాలో పై అంతస్తు. కింద మిషన్ల రొద, పైన చేతిపని. నేను గుండీలు, ఇంకొందరు దారాలు కత్తిరించడం, ఖరీదైన చొక్కాలకు చేత్తో కాజాలు, ఆ చివర ఇస్త్రీ పిన్ని. చేతులకు పనుంటుంది, నోటికి ఉండదు. పనిలేని నోళ్ళు ఊరుకుంటాయా? ఒకరినొకరం పీక్కుతినేవాళ్ళం. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. చదువరమ్మ మధ్యలో ఎత్తు పీట మీద కూర్చుని నవల చదవాలి. ఆమె వాటా చొక్కాలు మేమంతా తలా కాసిని పంచుకుని కుట్టాలి. మేస్త్రి మొదట్లో గుర్రుమన్నాడు. కథ ముదిరే కొద్దీ మా సూదులు జోరందుకుంటున్నాయని కనిపెట్టాక, తలుపు దగ్గర నిలబడి తనూ వినడం మొదలుపెట్టాడు.

ఈ విద్య ఆమెకు మంచం పట్టిన తల్లి దగ్గర అబ్బింది. ఆ తల్లికి చూపు పోయింది, కాళ్ళు పోయాయి, బతకాలన్న ఆశ కూడా పోయింది. మందుబిళ్ళ నోట్లో పెడితే ఉమ్మేసేది. చదువరమ్మకు అప్పుడు పెళ్ళీడు. పక్కింటివాళ్ళు చదివి పడేసిన డిటెక్టివ్ నవలలు తెచ్చి తల్లి పక్కన కూర్చుని చదివేది. ఒకసారి మంచి పట్టులో ఉండగా పొలమారి ఆగిపోయింది. ఎన్నాళ్ళనుంచో గోడవైపే ఉన్న తల్లి మొహం ఇటు తిరిగింది. "తరవాత?" అంది. "ముందు మందు మింగు, అప్పుడు చెప్తా" అంది కూతురు. మింగింది.

ఇక దారి దొరికింది. మందు వేళకల్లా కథను అంచు మీద నిలబెట్టడం, బిళ్ళ గొంతు దిగాక ముందుకు నడపడం. సాయంత్రం ఎక్కడ ఆపిందో అక్కడ ఏమవుతుందో వినడానికి తల్లి పొద్దున్నే కళ్ళు తెరిచేది. డాక్టరు చేతులెత్తేశాక కూడా ఆ ప్రాణం చాలాకాలం నిలిచింది. చివరికి ఒక నవల పూర్తయిపోయి, ఇంకొకటి చేతికి దొరక్క తిరుగుతున్న రోజుల్లో ఆమె వెళ్ళిపోయింది. "ఆ ఆఖరి పేజీ చదవకుండా ఉండాల్సిందక్కా" అని మా చదువరమ్మ నాతో చాలాసార్లు అంది. ఎంత పిచ్చి మాట! కానీ ఆమె దాన్ని మనసారా నమ్మింది. ఆగిన కథ మనిషిని ఆపుతుందని ఆమె నమ్మకం. పెళ్ళి మాటెత్తే దిక్కు లేక, తనూ ఎత్తక, ఒక్క గదిలో ఒంటరిగా ఉంటూ మా కార్ఖానాకి వచ్చి చేరింది.

ఆమె తెచ్చే నవలల్లో దెయ్యాలుండవు. కత్తులు కూడా అరుదే. అయినా వింటుంటే వీపు వెనక ఎవరో నిలబడ్డట్టుండేది. ఒకరోజు ఇస్త్రీ పిన్ని పెట్టె పక్కన పెట్టి అడిగేసింది.

"రక్తం బొట్టు లేదు, అరుపు లేదు. మరి నాకెందుకే ఇంత దడ?"

"దెయ్యమెందుకు పిన్నీ? ఒక ఇల్లు, ఒక తాళంచెవి, ప్రేమగా మాట్లాడే మనిషి. చాలు" అంది చదువరమ్మ. "తాళంచెవి ఎవరు దాచారో మీకు ముందే చెప్పేస్తా. పాపం ఆ పిల్లకి చెప్పను. ఇక ఆ పిల్ల ఇల్లంతా వెతుకుతుంటే మీకు దడ రాకేం చేస్తుంది?"

"అంటే మాకు తెలియబట్టే మాకు భయం అంటావు."

"తెలిసీ చెప్పలేరు కదా, అదీ భయం. ప్రమాదం ఎక్కడుందో చెప్పాలి, ఎప్పుడొస్తుందో చెప్పకూడదు. చెడ్డవాడు గొంతు పెంచకూడదు. ఎంత మెల్లగా మాట్లాడితే అంత మంచిది."

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అన్నాను నేను. అందరం నవ్వాం. అప్పుడు నవ్వగలిగాం.

ఆ ఏడే కాజాల పిల్ల మా గదికి వచ్చింది. పిల్లంటే మాకు పిల్ల, పెళ్ళయి కొన్నేళ్ళయింది. ఆమె కుట్టిన కాజా తిరగేసి చూసినా లోపలేదో బయటేదో తెలిసేది కాదు. ఇంత పనిమంతురాలికి తన మీద తనకు మాత్రం కాణీ నమ్మకం లేదు. కత్తెర ఒళ్ళోనే పెట్టుకుని "నేను ఇక్కడే పెట్టానా అక్కా, నువ్వు చూశావా?" అని అడిగేది. టీకి లేచే ముందు సూది గుచ్చిన చోటు నాకు చూపించి, సాక్ష్యం పెట్టుకుని మరీ వెళ్ళేది. మధ్యాహ్నం దాకా కళ్ళు మత్తుగా వాలిపోతుంటే, "పొద్దున్నే ఆయన పాలు కలిపిచ్చినా ఈ మత్తు వదలదక్కా" అనేది.

ఆమె మొగుడు పొద్దున్న గేటు దాకా దిగబెట్టి, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేవాడు. భోజనం బాక్సు కూడా తనే పట్టుకునేవాడు. మాకు కడుపు మంట. మా ఇళ్ళలోవాళ్ళు వీధి మలుపు దాకా కూడా రారు మరి. "తాళం వేశావా అమ్మడూ? వెయ్యలేదు కదూ. పర్లేదులే, నేను వేశాను" అనేవాడు మా అందరి ముందు, చంటిపిల్లకి చెప్పినట్టు. "ఈవిడ మతిమరుపుతో నా పని అయిపోతోందండీ, రాత్రి పొయ్యి వెలుగుతూనే ఉంది" అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. సిగ్గులేని మొహాలు మావి.

అప్పుడు మొదలైంది ఆ నవల. అందులో ఒక భర్త భార్య కళ్ళజోడు తీసి ఇంకో గదిలో పెడతాడు. ఆమె వెతికి వెతికి అలిసిపోయాక తనే తెచ్చిస్తాడు. "నువ్వే పెట్టావు, గుర్తులేదా?" అంటాడు మెత్తగా. మాకు తెలుసు, ఆమెకు తెలియదు. మేమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కాజాల పిల్ల వేలిలో సూది దిగిపోయింది. తెల్ల చొక్కా మీద రక్తం. ఆమె వేలు చూసుకోలేదు, చదువరమ్మ నోరే చూస్తోంది.

పుస్తకం మీదుగా చదువరమ్మ ఆ మొహం చూసింది. చదివేవాళ్ళ కళ్ళు ఊరికే ఉండవు, ఎవరికి ఎక్కడ ఊపిరి ఆగిందో కనిపెడుతూనే ఉంటాయి. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ నా చెవిలో అంది. "అక్కా, మిగతావాళ్ళు కథ వింటున్నారు. ఆ పిల్ల తన ఇల్లు వింటోంది."

నా నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు భోజనాల దగ్గర సూటిగా అడిగేశాను. "ఏమ్మా, నీ వస్తువులు నువ్వే పోగొట్టుకుంటున్నావా, ఇంట్లో ఎవరైనా దాస్తున్నారా?" ఆమె మొహం పాలిపోయింది. "ఆయన దేవుడక్కా. నా బుర్రే సరిగ్గా లేదు" అని బాక్సు మూసేసి అవతలికి పోయింది. ఆ తరవాత చాలారోజులు నా పక్కన కూర్చోలేదు. చదువరమ్మ నన్ను చీవాట్లు పెట్టింది.

"తలుపు మీద గుద్దితే లోపలివాళ్ళు గడియ ఇంకా గట్టిగా బిగిస్తారక్కా. నాకొదిలెయ్."

ఆ మరుసటి వారం నుంచి ఒక వింత గమనించాను. చదువరమ్మ చదువుతూనే ఉంది, పేజీ మాత్రం తిప్పడం లేదు. కళ్ళు అచ్చు మీదే ఉన్నాయి, మాటలు ఇంకెక్కడినుంచో వస్తున్నాయి. కథలో భార్య ఇప్పుడు కళ్ళజోడు పెట్టిన చోట చిన్న దారం ముక్క కూడా పెడుతోంది. తిరిగొచ్చి చూస్తే జోడు లేదు, దారం ఉంది. "అంటే నా బుర్ర బాగానే ఉందన్నమాట" అనుకుంది ఆ భార్య. మర్నాడు కాజాల పిల్ల ఒక తెల్లదారం తుంచి జాగ్రత్తగా జేబులో వేసుకోవడం నేను చూశాను. ఇస్త్రీ పిన్నీ చూసింది. మేమెవ్వరం కిక్కురుమనలేదు. మేస్త్రి కూడా తల తిప్పుకున్నాడు.

కథ అలా నడిచింది. భర్త ప్రేమగా ఇచ్చిన పాలు తాగితే మధ్యాహ్నం దాకా మత్తుగా ఉంటోందని భార్య పోల్చుకుంది, తాగినట్టే తాగి తొట్టిలో పారబోసింది. మా కాజాల పిల్ల కళ్ళు తేటపడ్డాయి. కథలో భార్య ఒక సంచి సర్దింది, తలుపు వెనక పెట్టింది. మా కాజాల పిల్ల కత్తెర ఎక్కడుందని నన్ను అడగడం మానేసింది. నాకు ఆనందంతో పాటు గుండె దడ. విరిగిన మెట్ల మీద చిన్నపిల్ల దిగుతుంటే చూస్తున్నట్టుంది.

శనివారం వచ్చింది. కథలో భార్య సంచి తీసుకుంది. చేయి గడియ మీద పెట్టింది. వెనకనుంచి మెత్తటి గొంతు వినిపించింది. "ఎక్కడికి?"

గంట కొట్టింది. చదువరమ్మ పుస్తకం మూసేసింది.

మెట్ల దగ్గర కాజాల పిల్ల ఆమె చేయి పట్టుకుంది. నేను వెనకే ఉన్నాను. "అక్కా, ఆవిడ ఏం చెప్పింది? బయటపడిందా? ఒక్క మాట చెప్పక్కా." కింద గేటు దగ్గర మొగుడు నిలబడి పైకి చూస్తున్నాడు.

చదువరమ్మ ఆమె చెంప నిమిరింది. "సోమవారం" అంది.

సోమవారం కాజాల పిల్ల పీట ఖాళీ. మధ్యాహ్నం మొగుడొక్కడే వచ్చాడు. మేస్త్రితో మాట్లాడుతున్నాడు, మేం తలుపు దగ్గర నిలబడి విన్నాం. "మెట్ల మీదనుంచి పడిపోయిందండీ. తల పగిలింది, కుడిచేయి విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టించి ఇంటికి తెచ్చేశాను. మతి పూర్తిగా పోయింది పాపం. బట్టల సంచి సర్ది తలుపు వెనక పెట్టుకుందండీ, శనివారం నుంచీ! ఆదివారం నా కంటబడింది. ఎక్కడికి అని అడిగితే నోట్లోంచి మాట రాలేదు. ఎవరికోసమో కాచుకున్నట్టు అలా నిలబడిపోయింది."

అతను వెళ్ళిపోయాడు. చదువరమ్మ తలుపు దగ్గరే కూలబడింది.

ఓదార్చాలి కదా? నేను ఓదార్చలేదు. ఒళ్ళు మండిపోయింది. "నీ సోమవారం తగలెయ్య! ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది? సంచి సర్దుకుని, ఆపైన ఏం చెయ్యాలో తెలీక నీకోసం కూర్చుందే ఆ పిచ్చిది" అని అరిచాను.

"ఆపితే నిలబడుతుందనుకున్నానక్కా" అంది. "అమ్మ నిలబడింది కదా. సోమవారం దాకా ధైర్యంగా ఉంటుందనుకున్నా." మొహం కప్పుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు, అబద్ధమెందుకు.

వారమంతా గదిలో చదువు లేదు. సెలవు రోజున చదువరమ్మ మా ఇంటికొచ్చింది, చేతిలో ఆ నవల. "మిగతాది చదివి వద్దాం పదక్కా" అంది. ఇస్త్రీ పిన్నిని కూడా వెంటబెట్టుకున్నాం. అంత బరువు పెట్టెను రోజంతా తోసే చేతులు ఆమెవి, అవసరపడతాయనిపించింది.

వాళ్ళది మేడమీద వాటా. ఆ పిల్ల పడిందన్న మెట్లు ఇవేనని ఒక్కొక్కటీ చూస్తూ ఎక్కాను. అతను నవ్వుతూ తలుపు తీశాడు. గది అద్దంలా ఉంది, ప్రతి వస్తువూ దాని చోట దానికే. మంచం మీద కాజాల పిల్ల, తలకు కట్టు, కుడిచేతికి పిండికట్టు, చూపు గోడవైపు. పక్కన బల్ల మీద పాలగ్లాసు.

"ఎవరినీ గుర్తుపట్టదండీ. ఆ రోజునుంచి మాటే లేదు" అన్నాడు అతను.

"పని గదిలో ఒక కథ సగంలో ఆగింది. ఆ అమ్మాయికి ఇష్టమైన కథ. మిగతాది చదివి పోతాం" అంది చదువరమ్మ.

"చదవండి, దానికేం. ఆమెకు ఏం అర్థమవుతుంది పాపం" అని అతనూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మేకవన్నె పులి అంటే ఎలా ఉంటుందో అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

చదువరమ్మ పుస్తకం తెరిచింది. "ఆవిడ సంచి తీసుకుంది. చేయి గడియ మీద పెట్టింది. వెనకనుంచి మెత్తగా ఒక గొంతు... ఎక్కడికి, అంది." అక్కడ ఆగింది. అలవాటు కొద్దీ కాదు, ఈసారి మంచం వైపు చూడటానికి.

మంచం మీదనుంచి మాట వినిపించింది. ఎండిపోయిన గొంతు.

"తరవాత?"

అతని నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. తల తిప్పి పెళ్ళాన్ని చూశాడు. ఈ వారమంతా ఆమె మాట పోయి కాదు, కావాలనే నోరు మూసుకుందని అతనికి అప్పుడే తెలిసింది, మాకూ అప్పుడే తెలిసింది.

చదువరమ్మ పేజీ తిప్పలేదు. "తరవాత ఆవిడ జవాబు చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఆవిడ ఒంటరిగా లేదు, గదిలో ఇంకా ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఆవిడ మెల్లగా లేచి, కాళ్ళు కింద పెట్టి, వాళ్ళ భుజం పట్టుకుంది" అంది గబగబా, ఎక్కడా ఆగకుండా, ఊపిరి కూడా తీసుకోకుండా.

కాజాల పిల్ల దుప్పటి తోసేసి కాళ్ళు కింద పెట్టింది. నేను ఒక పక్క పట్టుకున్నాను. అతను అప్పటికే తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికి?" అన్నాడు. అదే మెత్తటి గొంతు.

నా చేతిలో ఆ పిల్ల ఒళ్ళు రాయిలా బిగుసుకుపోయింది. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఇస్త్రీ పిన్ని కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, వీధికంతా వినిపించేలా కేకేసింది. "అమ్మా, అయ్యా, ఎవరైనా కాస్త పైకి రండి! దెబ్బలు తగిలిన మనిషిని పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం, మెట్లు దింపడానికి ఒక చెయ్యి వెయ్యండి!"

కింది వాటావాళ్ళు వచ్చారు, ఎదురింటివాళ్ళు వచ్చారు. మెట్ల నిండా జనం. ఇన్నేళ్ళూ వాళ్ళందరి ముందు వేసుకున్న మంచివాడి వేషం అతని కాళ్ళకే చుట్టుకుంది. నోరు తెరిచి కాదనలేకపోయాడు. "జాగ్రత్తండీ, ఆమెకు మెట్లు గుర్తుండవు" అన్నాడు పక్కకు తప్పుకుంటూ.

"గుర్తున్నాయి" అంది కాజాల పిల్ల. అందరూ విన్నారు.

పోలీసులు రెండుసార్లు వచ్చారు. "మీరు కళ్ళారా చూసింది చెప్పండి" అన్నారు మమ్మల్ని. మేం చూసిందేముంది? ఒక దారం ముక్క, ఒక పాలగ్లాసు. అతనేమో మెట్ల మీద జారి పడిందన్నాడు, ఆ పిల్లేమో అతనే తోశాడంది. కాగితాలు ఇంకా ఎక్కడో తిరుగుతున్నాయి. అతను బయటే తిరుగుతున్నాడు.

కాజాల పిల్ల ఇప్పుడు చదువరమ్మ గదిలోనే ఉంటుంది. ఎముక అతికింది గానీ వేళ్ళు మడతపడవు. అంత చక్కటి కాజాలు ఇక ఎవరూ కుట్టరు. ఎడమచేత్తో దారాలు కత్తిరిస్తుంది. గ్లాసులో పాలు చూస్తే ఇప్పటికీ లేచి వెళ్ళిపోతుంది.

చదువరమ్మ మళ్ళీ చదువుతోంది. కాకపోతే కొత్త నవల తెరవగానే ఆఖరి పేజీ ముందు చదివేస్తుంది, ఎవరు బతుకుతారో ఎవరు చస్తారో చెప్పేసి అప్పుడు మొదటికి వస్తుంది. "ఇంకేం మజా ఉంటుందే?" అని దారాలవాళ్ళు గోల పెట్టారు. ఉంటుంది. బతుకుతుందని తెలిసినా, ఎలా బతుకుతుందో తెలిసేదాకా నా సూది ఆగదు.

శనివారం సాయంత్రం గంట కొట్టాక కూడా ఆమె పుస్తకం మూయదు. కాజాల పిల్ల "తరవాత?" అంటుంది. చదువరమ్మ పుస్తకం చేత్తో పట్టుకుని మెట్లు దిగుతూ చదువుతుంది, మేమంతా వాళ్ళిద్దరి చుట్టూ దిగుతాం. కొన్ని సాయంత్రాలు అతను గేటుకు ఎదురుగా నిలబడి ఉంటాడు, నవ్వుతూ. ఆ పిల్ల చేయి నా చేతిలో చల్లగా అయిపోతుంది. చదువరమ్మ అతని ముందునుంచే గొంతు పెంచి చదువుకుంటూ వెళ్తుంది. ఇంటికి చేరి, లోపల గడియ వేసేదాకా ఆపదు.